కడుతున్నారు కాబట్టి కట్టగలరనేనా?

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే ఒక మాట నాలుగు దిక్కులా వినిపిస్తుంది. పత్రికల్లో పొదుపు సలహాలిచ్చే పేజీల్లో, యూట్యూబ్‌లో డబ్బు పాఠాలు చెప్పేవాళ్ల నోట, స్కూలు యాజమాన్యాల సమావేశాల్లో, చివరికి చుట్టాలింట్లో భోజనాల దగ్గర కూడా అదే మాట: "ప్రైవేటు స్కూలు ఫీజు మధ్యతరగతికి మోయలేని బరువేం కాదు. ప్లానింగ్ లేకపోవడమే అసలు సమస్య."

ఆ వాదనను ముందు వాళ్లు చెప్పినట్టే చెబుతాను. ఫీజు ఉన్నట్టుండి మీదపడే ఖర్చు కాదు, ఏటా జూన్‌లో కట్టాలని అందరికీ తెలుసు, కాబట్టి నెలనెలా కొంత పక్కన పెట్టుకుంటే చాలు. అనవసరపు ఖర్చులు తగ్గించుకుంటే ఆ కొంత ఎక్కడికక్కడ మిగులుతుంది. పైగా ఇది ఖర్చు కాదు, పిల్లల భవిష్యత్తు మీద పెట్టుబడి. మంచి చదువు చెప్పాలంటే స్కూలుకూ ఖర్చవుతుంది కాబట్టి ఫీజు ఆ మేరకే ఉంటుంది. నచ్చకపోతే వేరే స్కూలుంది, ప్రభుత్వ బడి ఉంది, బలవంతం ఎవరూ చేయడం లేదు. ప్రభుత్వం ఫీజుల్లో తలదూర్చితే కోర్టులు ఊరుకోవు. వీటన్నిటికీ చివరి రుజువుగా ఒకటి చూపిస్తారు: లక్షల కుటుంబాలు ఏటా కడుతూనే ఉన్నాయి కదా, శక్తి లేకపోతే ఎలా కడుతున్నారు?

వినడానికి నిండుగా ఉన్న ఈ వాదనలో ఏ మెట్టు మీద కాలు పెట్టినా కూలిపోయేదే. ఒక్కొక్కటే చూద్దాం.

1. "నెలనెలా పక్కన పెడితే సరిపోతుంది"

ముందు ఆ పక్కన పెట్టే డబ్బు ఉందో లేదో చూడాలి. కేంద్ర గణాంక శాఖ 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో తలకు నెలసరి సగటు ఖర్చు 8,978 రూపాయలు, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 7,182. నలుగురున్న ఇంటికి తెలంగాణలో దాదాపు 36 వేలు, ఆంధ్రలో 29 వేలకు కాస్త తక్కువ. తిండి, బట్టలు, మందులు, ప్రయాణాలు, చదువులు అన్నీ అందులోనివే. పైగా అది సగటు. బాగా ఖర్చు పెట్టే ఇళ్లు ఆ అంకెను పైకి లాగుతాయి కాబట్టి, ఎక్కువ కుటుంబాలు దానికి దిగువనే ఉంటాయి.

ఆ సగటు కంటే చాలా మెరుగ్గా ఉన్న కుటుంబాన్నే తీసుకుందాం. హైదరాబాద్ ఉప్పల్‌లో అద్దెకుంటారు, ఇద్దరు పిల్లలు, ఒక్కరి సంపాదన, చేతికొచ్చే జీతం 60 వేలు. రెండు గదుల ఇంటికి అద్దె 15 వేలు. కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాసు కలిపి 17 వేలు. కరెంటు, ఫోన్లు, నెట్టు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు 4 వేలు. పెట్రోలు, బండి వాయిదా 6,500. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల మందులకు 5 వేలు. ఇన్సూరెన్సు 3 వేలు. మొత్తం 50,500. మిగిలేది 9,500, ఏడాదికి 1,14,000.

ఇప్పుడు స్కూలు. ఇంటర్నేషనల్ స్కూలు కాదు, కాస్త పేరున్న మామూలు స్కూలే. చిన్నవాడికి 65 వేలు, పెద్దమ్మాయికి 75 వేలు. బస్సుకు తలా 25 వేలు. పుస్తకాల కిట్, యూనిఫాం, బూట్లు తలా 12 వేలు. అంతా కలిపి 2,14,000. తక్కువ పడేది సరిగ్గా లక్ష. ఈ లెక్కలో జ్వరం రాలేదు, పండగకు బట్టలు కొనలేదు, చుట్టాలింట్లో పెళ్లి జరగలేదు, బండి రిపేరుకు రాలేదు. నెలకు 60 వేలు చేతికొచ్చే ఇంట్లోనే ఇంత గండి పడితే 40 వేల ఇంటికి ఏ ప్లానింగ్ పాఠం పనికొస్తుంది?

ఇక్కడ ఎవరైనా మరో సర్వే చూపించవచ్చు. 2025లో జరిగిన జాతీయ విద్యా సర్వేలో ప్రభుత్వేతర స్కూళ్లలో ఒక్కో విద్యార్థి మీద ఏడాది సగటు ఖర్చు 25,002 రూపాయలని తేలింది, అంటే నెలకు రెండు వేలే కదా అంటారు. దేశమంతటా పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పదీ పన్నెండు వేలకు నడిచే స్కూళ్లన్నీ కలిస్తే వచ్చిన సగటు అది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఆ ధరకు సీటు చూపించమంటే ఆ వాదన అక్కడితో ఆగిపోతుంది. అదే సర్వేలో ప్రభుత్వ బడి విద్యార్థి మీద ఇంటివాళ్లు పెట్టే ఖర్చు 2,863 రూపాయలు. ఈ రెండు అంకెల మధ్య దూరం గురించి మాత్రం పొదుపు సలహాదారులు మాట్లాడరు.

ఇక "ఫీజు ముందే తెలుస్తుంది" అన్న మాట పచ్చి అబద్ధం. ఎల్‌కేజీలో చేర్చేటప్పుడు చెప్పేది ఆ ఏడాది ఫీజు మాత్రమే. వచ్చే ఏడు ఎంత, అయిదో తరగతికి ఎంత, పదో తరగతికి ఎంత అని కాగితం మీద రాసిచ్చే స్కూళ్లు ఎన్ని? తెలంగాణలో 2017లో ఆచార్య తిరుపతిరావు కమిటీ ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చని సిఫారసు చేసినప్పుడు తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. ఆ 10 శాతమే అనుకున్నా, ఎల్‌కేజీలో 40 వేలున్న ఫీజు పదో తరగతికి 1,14,000 దాటుతుంది. జీతం ఏటా 6 శాతం పెరిగితే అదే కాలంలో రెట్టింపు కూడా కాదు. అంటే పిల్లవాడు ఎల్‌కేజీలో ఉన్నప్పుడు వేసుకున్న లెక్క సరైనదే అయినా ఆరో తరగతికి వచ్చేసరికి తప్పైపోతుంది. ఆ తప్పు తల్లిదండ్రులది ఎలా అవుతుంది? ధరే తెలియని వస్తువుకు ఏ ప్లాను వేసుకోమంటారు?

2. "సినిమాలు, హోటళ్లు మానుకోండి"

దీని మీద ఎక్కువ మాటలు అక్కర్లేదు. నెలకో సినిమా, ఓసారి బయట భోజనం కలిపి 2 వేలనుకుంటే, ఏడాదికి 24 వేలు. పై లెక్కలో గండి లక్ష. ఉన్న ఆ ఒక్క సరదా మానేసినా పావు వంతు కూడా పూడదు. ఆదాయపన్ను మినహాయింపు సంగతి కూడా అంతే. పాత పన్ను విధానంలో మినహాయింపు ట్యూషన్ ఫీజుకే, బస్సుకూ పుస్తకాలకూ డొనేషన్‌కూ వర్తించదు. కొత్త పన్ను విధానంలో అదీ లేదు. ఏడాదికి ఏడెనిమిది లక్షల జీతగాడికి కొత్త విధానంలో అసలు పన్నే పడనప్పుడు, ఫీజు రసీదు చూపించి ఆదా చేసేదేముంది?

3. "కడుతూనే ఉన్నారుగా"

మొత్తం వాదనకు మూలస్తంభం ఇదే. కట్టారు కాబట్టి కట్టే శక్తి ఉన్నట్టే అంటున్నారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అడగకుండా ఆ మాట ఎవరూ అనకూడదు.

జూన్ మొదటి వారంలో ఏదైనా గోల్డ్‌లోన్ ఆఫీసుకు వెళ్లి ఓ గంట కూర్చోండి. చేతిసంచిలోంచి చిన్న పర్సు, పర్సులోంచి గాజులు, నల్లపూసల గొలుసు బయటికొస్తాయి. కౌంటరు వెనకాల మనిషి గీటురాయి మీద రుద్ది, తూకం వేసి, రాళ్ల బరువు తీసేసి గ్రాముకింత అని చెబుతాడు. ఆమె "ఇంకో పదివేలు రావా?" అని అడుగుతుంది. రావు. పోయిన ఏడు పెట్టిన గొలుసు ఇంకా అక్కడే ఉంది, దానికి వడ్డీ మాత్రం కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. సంతకాలు అయ్యాక ఆ డబ్బు నేరుగా స్కూలు ఖాతాలోకి పోతుంది, స్కూలు రసీదు ఇస్తుంది. ఆ రసీదునే మనవాళ్లు "మధ్యతరగతి కొనుగోలు శక్తి"కి సాక్ష్యంగా చూపిస్తున్నారు.

బంగారం లేనివాళ్లు చిట్టీ పాడుకుంటారు. ఇంటి అడ్వాన్సుకో పెళ్లికో దాచుకుంటున్న చిట్టీని మొదటి నెలల్లోనే తెగ్గోసి పాడితే లక్షకు డెబ్బై, డెబ్బై అయిదు వేలు చేతికొస్తాయి, మిగతా నెలలన్నీ మాత్రం కట్టుకుంటూ పోవాలి. ఇంకొందరు క్రెడిట్ కార్డు గీకి వాయిదాల్లోకి మార్చుకుంటారు. ఇప్పుడు స్కూలు ఫీజుకే ప్రత్యేకంగా అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. ఏడాది ఫీజంతా ఒకేసారి స్కూలుకు చేరుతుంది, తల్లిదండ్రులు నెలనెలా ఆ కంపెనీకి తీర్చుకోవాలి. ఎల్‌కేజీ పాపకు అక్షరాలు నేర్పడానికి అప్పు పుట్టించే వ్యాపారం ఒకటి నడుస్తోందంటే, నెల జీతంలోంచి ఆ ఫీజు కట్టలేకపోతున్నవాళ్లు ఎంతమంది ఉండాలి!

అప్పు చేయని ఇళ్లలో కూడా ఆ డబ్బు ఊరికే రాదు, ఇంకోచోట తెగుతుంది. ఆరోగ్య బీమా ప్రీమియం ఈ ఏడాది కట్టకుండా వదిలేస్తారు. థైరాయిడ్ పరీక్ష చేయించుకోమని డాక్టరు రాసిచ్చిన చీటీ తల్లి హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోతుంది. రిటైర్మెంటుకని మొదలుపెట్టిన సిప్ ఆగిపోతుంది. ఒక్క బిడ్డతోనే చాలనుకున్న దంపతులను అడగండి, ఆ నిర్ణయంలో స్కూలు ఫీజు వాటా ఎంతో చెబుతారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. డబ్బు ఇద్దరికీ చాలనప్పుడు ఆ ఇంట్లో ఎవరికి కోత పడుతుందో మనందరికీ తెలుసు. కొడుకు కార్పొరేట్ స్కూల్లో, కూతురు వీధి చివరి తక్కువ ఫీజు స్కూల్లో, లేదంటే ప్రభుత్వ బడిలో. "ఆడపిల్లకు ఎక్కడైతేనేం, తెలివైంది, ఎక్కడున్నా చదువుతుంది" అని ఆ అమ్మాయి తెలివినే ఆమెకు వ్యతిరేకంగా వాడతారు. ప్రభుత్వ బడుల్లో అమ్మాయిల పాలు, ప్రైవేటు బడుల్లో అబ్బాయిల పాలు ఎక్కువగా ఉంటాయని ఏళ్ల తరబడి సర్వేలు చెబుతూనే ఉన్నాయి. ఆ కుటుంబం కొడుకు ఫీజు "కట్టగలిగింది". ఎవరి చదువు తగ్గించి కట్టగలిగిందో కూడా లెక్కలో రాయాలి.

4. "ఇది పెట్టుబడి"

పెట్టుబడి అనేదానికి కొన్ని లక్షణాలుంటాయి. ఎంత పెడుతున్నామో, ఎంత వచ్చే అవకాశం ఉందో, నష్టం వస్తే ఎక్కడ ఆగాలో ముందు చూసుకుంటాం. స్కూలు ఫీజులో ఈ మూడూ లేవు. 80 వేల స్కూలుకూ 40 వేల స్కూలుకూ మధ్య ఉన్న తేడాకు పిల్లవాడు అదనంగా ఏం నేర్చుకున్నాడో కొలిచి చెప్పినవాళ్లు లేరు. ర్యాంకుల ఫ్లెక్సీలు చూపిస్తారు. వేల మందిలోంచి ముందే ఏరి ప్రత్యేక సెక్షన్‌లో కూర్చోబెట్టిన పాతికమంది ఫొటోలవి. మిగతా పిల్లల తల్లిదండ్రులు కూడా అదే ఫీజు కట్టారు.

ఇంకో చిక్కుంది. అసలు పెద్ద ఖర్చు ముందుంది. ఇంటర్ రెండేళ్ల కార్పొరేట్ హాస్టల్, ఆ తర్వాత ఇంజనీరింగో మెడిసినో. చిన్న తరగతుల్లోనే బంగారం, పొదుపు కరిగిపోయిన ఇంటికి ఆ రోజున విద్యారుణం తప్ప దారి ఉండదు, ఆ అప్పు పిల్లవాడి మొదటి జీతం మీద పడుతుంది. రెండో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ పేరుతో కట్టిన డబ్బే బీటెక్ నాటికి లేకుండా పోతుంటే, దాన్ని పెట్టుబడి అని పిలవమనడం తల్లిదండ్రులను మోసం చేయడమే.

5. "మంచి చదువుకు ఆ మాత్రం ఖర్చవుతుంది"

అవుతుంది. చదువుకు అయ్యే ఖర్చులో పెద్ద వాటా టీచరు జీతం, అందులో ఎవరికీ సందేహం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 కూడా అదే చెప్పింది. వసూలైన ఫీజులో 50 శాతం సిబ్బంది జీతాలకు పోవాలి, యాజమాన్యం మిగుల్చుకునేది 5 శాతం మించకూడదు. ఈ లెక్కన ఒక సెక్షన్ తీసుకోండి. 40 మంది పిల్లలు, ఒక్కొక్కరికి 70 వేలు, మొత్తం 28 లక్షలు. సగం అంటే 14 లక్షలు. సెక్షన్‌కు ఒకటిన్నర మంది టీచర్లు అనుకున్నా ఒక్కొక్కరికి నెలకు 75 వేలకు పైగా రావాలి. అలాంటి స్కూల్లో పనిచేసే టీచరమ్మను జీతం ఎంతని అడగండి. 15 వేలు, 20 వేలు, సీనియరైతే 25 వేలు అంటుంది. బ్యాంకులో వేసిన జీతంలో కొంత తిరిగి నగదుగా ఇవ్వాల్సి వచ్చిందని చెప్పేవాళ్లూ ఉన్నారు.

కరోనాలో ఇది బట్టబయలైంది. బడులు మూతపడగానే ప్రైవేటు టీచర్లు కూరగాయలమ్మారు, ఉపాధి పనులకు వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి వేలకు వేలు ఫీజులు తీసుకున్న సంస్థలు కొద్ది నెలలు కూడా తమ టీచర్లను నిలబెట్టుకోలేదు. ఆ డబ్బంతా చదువు చెప్పేవాళ్లకే పోతోందని ఇప్పటికీ నమ్మమంటారా? రాయితీ లేకపోతే తాను పాఠం చెప్పే స్కూల్లోనే తన బిడ్డను చదివించుకోలేని టీచరు కూడా ఈ రాష్ట్రాల్లో మధ్యతరగతి మనిషే.

6. "నచ్చకపోతే మారిపోండి"

బజారులో చొక్కా మార్చినట్టు బడి మార్చలేం. మారాలంటే టీసీ కావాలి, బకాయి ఉంటే టీసీ ఇవ్వరు. పదో తరగతిలో అయితే హాల్‌టికెట్ ఆపుతారు. కొత్త స్కూల్లో మళ్లీ అడ్మిషన్ ఫీజు, మళ్లీ యూనిఫాం, మళ్లీ కిట్. సిలబస్ మారితే ఏడాది పాటు పిల్లవాడు తడబడతాడు, స్నేహితులు పోతారు. ఈ సంగతి స్కూళ్లకు తెలుసు కాబట్టే చేరేటప్పుడు ఫీజు మెత్తగా ఉంటుంది, వేళ్లూనుకున్నాక పెరుగుతుంది.

ప్రభుత్వ బడి ఉంది కదా అనేవాళ్లకు ఒక ప్రశ్న. అది మీ దృష్టిలో నిజమైన దారా, బెదిరింపా? డీఎస్సీ రాసి వచ్చిన టీచర్లకు ప్రైవేటు టీచర్ల కంటే అర్హత ఎక్కువే. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రలో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చారు. అయినా ప్రభుత్వ బడి చాలావరకు ఒకటో తరగతితో మొదలవుతుంది. మూడేళ్లకే పిల్లను ఎల్‌కేజీకి పంపాలనుకునే తల్లికి ఎదురుగా కనిపించేది ప్రైవేటు స్కూలు బస్సే. అక్కడ చేరాక రెండేళ్లకు ఒకటో తరగతి వచ్చేసరికి వెనక్కి రావడం కష్టమైపోతుంది. తెలంగాణలో కొన్ని ప్రభుత్వ బడుల్లో ఈమధ్యే ప్రీప్రైమరీ మొదలుపెట్టారు, అది ప్రతి బడికీ రావాలి. ప్రతి తరగతికీ ఒక టీచరు, నడవగలిగే దూరంలో బడి, వాడుకోగలిగే మరుగుదొడ్డి ఉంటే ఉప్పల్ కుటుంబం అక్కడికే వెళుతుంది. అవి లేకుండా "ప్రభుత్వ బడి ఉందిగా" అనడం నోరు మూయించడానికే.

సాయం విషయంలోనూ ఈ కుటుంబం నడిమధ్యలో ఇరుక్కుంది. విద్యాహక్కు చట్టంలోని 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు, అది న్యాయమే. ఆంధ్రలో తల్లికి వందనం పథకానికి పట్టణాల్లో నెల ఆదాయం 12 వేలు దాటితే అర్హత లేదు. పేదకు ఉండాల్సిన సాయం పేదకు ఉండాలి, అందులో వాటా అడగడం లేదు. ధర మీద అదుపు అడుగుతున్నాం.

7. "కోర్టులు ఒప్పుకోవు"

2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రైవేటు విద్యాసంస్థలకు ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉందని చెప్పింది. దానితోపాటే మితిమీరిన లాభార్జన కుదరదనీ, క్యాపిటేషన్ ఫీజు తీసుకోకూడదనీ చెప్పింది. మొదటి సగం చదివి రెండో సగం దాచేసే వాదన ఇది. రాజస్థాన్ 2016లో చేసిన ఫీజుల చట్టాన్ని 2021 మే నెలలో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఆ చట్టం ప్రకారం తల్లిదండ్రులున్న స్కూలు స్థాయి కమిటీ ముందు లెక్కలు పెట్టాలి, ఒకసారి ఖరారైన ఫీజు మూడేళ్లు మారదు. తమిళనాడులో 2009 నుంచి ఫీజుల చట్టం ఉంది, గుజరాత్‌లో 2017 నుంచి ఉంది. అక్కడ ప్రైవేటు స్కూళ్లు మూతపడలేదు.

మన దగ్గర ఓడిపోయింది అదుపు చేయాలన్న ఆలోచన కాదు, చేసిన పద్ధతి. 2021 ఆగస్టులో ఆంధ్ర ప్రభుత్వం జీవో 53తో ఏ స్కూలు ఖర్చు ఎంతో చూడకుండా పంచాయతీకింత, మున్సిపాలిటీకింత, కార్పొరేషన్‌కింత అని గీత గీసింది, డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2017 కమిటీ నివేదిక ఇచ్చింది, 2022 జనవరిలో మంత్రివర్గం చట్టం చేస్తామంది, 2025లో విద్యా కమిషన్ ముసాయిదా బిల్లు ఇచ్చింది. నివేదిక నుంచి ముసాయిదాకు చేరడానికే ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లలో 10 శాతం చొప్పున పెరిగిన ఫీజు రెట్టింపు దాటిపోయింది. ఎల్‌కేజీలో చేరిన పిల్లలు ఏడో తరగతికొచ్చారు.

కాబట్టి మధ్య ఆదాయ కుటుంబం ఈ ఫీజులు కట్టగలగడం లేదు. తాకట్టు పెట్టి, అప్పు చేసి, ఆరోగ్యం వాయిదా వేసి, కూతురి చదువు తగ్గించి చెల్లిస్తోంది, అంతే. దానికి మందు పొదుపు పాఠం కాదు. ప్రతి స్కూలు ఆడిట్ చేసిన జమాఖర్చులు అందరికీ కనిపించేలా పెట్టాలి. చేరేరోజే కనీసం మూడేళ్ల ఫీజు రాతపూర్వకంగా చెప్పాలి. ట్యూషన్, టర్మ్, స్పెషల్, యాక్టివిటీ, డిజిటల్ అని విడగొట్టి దండుకోవడం ఆపి అన్నీ ఒకే అంకెలో చూపాలి. బకాయి పేరుతో టీసీ, హాల్‌టికెట్ ఆపితే శిక్ష ఉండాలి. తెలంగాణ చేతిలో ముసాయిదా ఉంది. ఆంధ్రకు 2019 నాటి పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ చట్టం ఉంది, స్కూలువారీగా లెక్కలు చూసి ఫీజు ఖరారు చేయడానికి దాన్ని వాడుకోవచ్చు. స్కూళ్లు మరుసటి ఏటి అడ్మిషన్లు డిసెంబరు నాటికే మొదలుపెట్టేస్తాయి. రెండు ప్రభుత్వాలూ ఈ పని ఆలోపే పూర్తిచేయాలి, జూన్‌లో డబ్బు వసూలైపోయాక వేసే కమిటీ ఇంకొకటి మాకు వద్దు.